బెట్టింగ్, పేకాట, ఆన్‌లైన్ ఆటలు చేయి దాటితే: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక మాట. అప్పుల భారంతో ఇక బతకలేననిపిస్తుంటే ఈ పేజీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్య సాయానికి నడిపే టెలీ మానస్ నంబరు. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు ఎంచుకోవచ్చు. ప్రాణాపాయం దగ్గరపడిందనిపిస్తే 112కి చేయండి, లేదా హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాల అత్యవసర విభాగానికి వెళ్ళండి. అది రాత్రిపూట కూడా తెరిచే ఉంటుంది. ఇంట్లో వేరెవరికైనా అలాంటి ఆలోచన ఉందేమోనని అనుమానంగా ఉంటే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. చాలామందికి ఆ ఒక్క ప్రశ్నతోనే నోరు పెగులుతుంది.

సరదాగా ఆడటానికీ వ్యసనానికీ తేడా ఎలా తెలుస్తుంది?

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆడే మొత్తం పెంచుకుంటూ పోతే తప్ప కిక్కు రావడం లేదనిపించిందా? ఎంత ఆడారో ఇంట్లోవాళ్ళకి ఎప్పుడైనా అబద్ధం చెప్పారా? ఒక్కదానికి అవునన్నా వైద్యుణ్ని కలవాలి.

వైద్యులు చూసేవి మొత్తం తొమ్మిది లక్షణాలు. మొత్తం పెంచుకుంటూ పోవడం, మానితే చిరాకూ అశాంతీ, మానాలని చూసి మానలేకపోవడం, ఎప్పుడూ అదే ధ్యాస, మనసు బాగోలేనప్పుడల్లా ఆటవైపు పోవడం, పోయింది రాబట్టడానికి మర్నాడే మళ్ళీ ఆడటం, అబద్ధాలు, ఉద్యోగమో చదువో కాపురమో దెబ్బతినడం, ఆ కష్టం నుంచి బయటపడటానికి ఇతరుల డబ్బు మీద ఆధారపడటం. ఏడాదిలో ఇందులో నాలుగు కనిపిస్తే అది వ్యాధి. నాలుగైదు ఉంటే తక్కువ స్థాయి, ఎనిమిది తొమ్మిది ఉంటే తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జూద వ్యసనాన్ని తన వ్యాధుల జాబితాలో చేర్చింది. మద్యానికి బానిసవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే నోట్లో వాసన రాదు, కాలు తూలదు. అందుకే ఇంట్లోవాళ్ళకి తెలిసేసరికి అప్పు లక్షలు దాటి ఉంటుంది.

ఎంత పోయిందన్నది ఇందులో లెక్కలోకి రాదని గమనించండి. 20,000 పోగొట్టుకున్న డెలివరీ బాయ్‌కి వ్యాధి ఉండొచ్చు, 2 లక్షలు పోగొట్టుకుని లేచి వెళ్ళిపోయిన మనిషికి లేకపోవచ్చు.

పోయిన డబ్బు రాబట్టుకుని ఆ రోజే మానేస్తాను. అలా కుదరదా?

కుదరదు. ఈ పేజీలో ఇంకేం చదవకపోయినా ఈ జవాబు చదవండి. ఎందుకంటే ఇల్లు ముంచేది మొదటి నష్టం కాదు, దాన్ని రాబట్టాలన్న పట్టుదల.

లెక్క చూడండి. సమానంగా ఉన్న రెండు జట్ల మ్యాచ్‌కి బుకీ రెండువైపులా 1.90 ఇస్తాడు. అంటే 100 పెట్టి గెలిస్తే 190 వస్తుంది, ఓడితే 100 పోతుంది. సగం సార్లు గెలిచినా రెండు పందేల మీద 200 పెట్టి 190 వెనక్కి తెచ్చుకుంటారు. పెట్టిన ప్రతి నూటికీ సగటున 5 రూపాయలు బుకీకి పోతాయి. 50,000 పోగొట్టుకున్న మనిషి రాబట్టడానికి 5,000 చొప్పున 20 పందేలు కాస్తే, సగటున ఇంకో 5,000 పోతుంది. ఎంత ఎక్కువసార్లు ఆడితే అంత ఖాయంగా పోతుంది.

"ఓడినప్పుడల్లా రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా" అంటారు. 500తో మొదలుపెడితే 1,000, 2,000, 4,000 అయ్యాక అయిదో పందెం 8,000. అప్పటికే 7,500 పోయింది. 1.90 రేటుకి ఆ అయిదో పందెం గెలిస్తే వచ్చే లాభం 7,200. గెలిచి కూడా 300 లోటు. అదే ఎనిమిదో పందెం దాకా లాగితే 64,000 పెట్టి గెలిచినా 5,900 తక్కువే పడుతుంది. ఓడితే మొత్తం 1,27,500 పోయినట్టు.

"అయిదుసార్లు వరసగా ఎరుపు వచ్చింది, ఈసారి ఆకుపచ్చే" అన్న నమ్మకం కలర్ ప్రెడిక్షన్ (ఏ రంగు వస్తుందో పందెం కాసే ఆట) ఆడేవాళ్ళందరిలోనూ ఉంటుంది. నిజాయితీగా నడిచే ఆటలో అయినా వెనకటి ఫలితం ముందుదాన్ని మార్చదు. మీకు బెట్టింగ్ ఐడీ (ఆడటానికి లాగిన్) పంపినవాడి సైట్‌లో ఫలితం ఎలా వస్తోందో చూసే అధికారి అసలు ఎవరూ లేరు. ఇక కొద్దిలో తప్పిపోయిన పందెం ఉంది చూడండి, చివరి బంతికి పోయింది, ఒక్క ముక్కలో షో తప్పింది, అది ఓటమే. అయినా మెదడు దాన్ని గెలుపు పక్కన పెట్టి చూస్తుంది. మళ్ళీ ఆడించేది అదే.

పోయిన డబ్బు పోయింది. ఈ మాట చాలా కఠినంగా ఉంటుందని తెలుసు. దీన్ని ఒప్పుకున్న రోజు నుంచే అప్పు పెరగడం ఆగుతుంది.

రమ్మీ, ఫాంటసీ క్రికెట్ నైపుణ్యం ఉన్న ఆటలే కదా?

రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదని సుప్రీంకోర్టు 1968లోనే అన్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో వచ్చిన తీర్పది. మూడు ముక్కలాటని మాత్రం అదృష్టమే అన్నది. ఆ తీర్పుని అడ్డుపెట్టుకునే యాప్‌లు చాలాకాలం నడిచాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించాయి. కర్ణాటక 2021లో తెచ్చిన సవరణని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది.

ఆ తరవాత కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా దాని ప్రకారం నిషేధమే. నడిపేవారికి 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవారికి 2 ఏళ్ళు, 50 లక్షలు. ఆడినవారికి ఈ చట్టంలో శిక్ష లేదు. కాబట్టి "చెబితే నన్నే పట్టుకుంటారు" అని వైద్యానికి వెనకాడకండి.

ఇంకొకటి. ఆటకి నైపుణ్యం అవసరమవడం, ఆడేవాడు అదుపులో ఉండటం రెండూ వేరు. బాగా ఆడగలిగినవాళ్ళే ఎక్కువకాలం ఆడి ఎక్కువ అప్పు చేయడం మామూలే.

అయితే బెంగళూరులో చట్టప్రకారం ఏం ఆడొచ్చు?

గుర్రప్పందేలు. రేస్‌కోర్స్ రోడ్డులోని టర్ఫ్ క్లబ్‌లో లైసెన్సుతో నడుస్తాయి. రాష్ట్రంలో లాటరీలు 2007 నుంచి లేవు. మట్కా, వీధి పేకాట, వాట్సాప్‌లో వచ్చే బెట్టింగ్ ఐడీలు ఏవీ చట్టబద్ధం కావు. కర్ణాటక పోలీసు చట్టం, 1963 కింద జూదపు అడ్డాలో దొరికిన ఆటగాడి మీద కూడా కేసు పెట్టొచ్చు.

బాధ్యతగా ఆడాలంటే పాటించాల్సినవి ఏమిటి?

వినోదానికి పెట్టే ఖర్చులోంచి మాత్రమే ఆడండి. సినిమా టికెట్ డబ్బు తిరిగొస్తుందని ఎవరూ అనుకోరు, దీన్నీ అలాగే చూడాలి. వెళ్ళేముందు మొత్తం నిర్ణయించుకుని అంతే నగదు జేబులో పెట్టుకోండి, కార్డూ ఫోనూ ఇంట్లో వదిలేయండి. సమయం కూడా ముందే అనుకోవాలి. గెలిచింది మళ్ళీ పందెంలో పెట్టకండి. తాగి ఆడకండి. మనసు బాగోలేని రోజు అసలు వద్దు. అప్పు తెచ్చిన డబ్బు, చీటీ డబ్బు, అద్దె డబ్బు ముట్టుకోకూడదు.

ఈ నియమాలు ఇంకా అదుపులో ఉన్నవారికి. పెట్టుకున్న హద్దుని రెండు మూడుసార్లు దాటేశారంటే ఇక హద్దులు మీకు పనిచేయవని అర్థం. అప్పుడు తగ్గించి ఆడటమన్నది లేదు, పూర్తిగా ఆపడమే.

షేర్ మార్కెట్‌లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) ట్రేడింగ్ కూడా జూదమేనా?

చట్టం దృష్టిలో కాదు. కానీ పోయింది రాబట్టడానికి లాట్లు పెంచుతూ, ఇంట్లో దాస్తూ, పర్సనల్ లోన్ తెచ్చి ఆప్షన్లు కొంటుంటే వ్యాధి అదే, చికిత్సా అదే. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు, సగటు నష్టం సుమారు 2 లక్షలు. బ్రోకర్ యాప్‌లో ఆ సెగ్మెంట్‌ని మూసేయమని అడగొచ్చు, ఖాతాలోకి ఆన్‌లైన్ ప్రవేశాన్నే స్వచ్ఛందంగా ఆపించుకునే సౌకర్యం కూడా ఉంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి ఐటీ ఉద్యోగుల్లో జూదం అన్న మాట పడనివారు చాలామంది ఈ దారిలోనే మునుగుతారు.

ఇవాళే మానేయాలనుకుంటున్నాను. మొదట ఏం చేయాలి?

డబ్బు ఫోన్ దాకా వచ్చే దారి మూసేయండి. మనోబలం మీద ఆధారపడొద్దు. కోరిక ఒక అలలా లేచి సాధారణంగా 20, 30 నిమిషాల్లో తగ్గుతుంది. ఆ అరగంటలో డబ్బు చేతికి అందకపోతే చాలు, సగం యుద్ధం గెలిచినట్టే. వరస ఇదీ:

1. మీరు నమ్మే ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కరే చేస్తే మధ్యలో ఆగిపోతారు.

2. జీతం పడే ఖాతాని అన్ని యూపీఐ యాప్‌ల నుంచీ తీసేయండి. ఆ పని యాప్ డిలీట్ చేస్తే కాదు, యాప్ సెట్టింగ్స్‌లో బ్యాంకు ఖాతాని తొలగిస్తేనే అవుతుంది. రోజువారీ ఖర్చుకి విడిగా ఒక చిన్న ఖాతా పెట్టుకుని, వారానికోసారి 1,500 లేదా 2,000 మాత్రం అందులో వేయించుకోండి. యూపీఐ ఆ ఖాతాకే ఉండాలి. రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించండి.

3. డెబిట్, క్రెడిట్ కార్డుల్లో ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేయండి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల వల్ల ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఈ స్విచ్ ఉంటుంది. ముందే మంజూరైపోయిందంటూ ఊరించే లోన్లు, లిమిట్ పెంపు వద్దని బ్యాంకుకి రాసివ్వండి.

4. జీతం పడిన రోజే అద్దె, ఈఎంఐ, ఇంటి ఖర్చు ఆటోమేటిక్‌గా వెళ్ళిపోయేలా పెట్టండి. మిగిలింది ఇద్దరూ సంతకం పెడితేనే తీయగలిగే ఖాతాలో ఉండాలి. "ఇద్దరిలో ఎవరైనా" అన్న రకం జాయింట్ ఖాతా పనికిరాదు. యాప్‌లోనే బద్దలుకొట్టగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా పనికిరాదు, అర్ధరాత్రి రెండు నిమిషాల్లో విరిగిపోతుంది.

5. బంగారం, పొలం పత్రాలు, చీటీ పుస్తకం వేరేవాళ్ళ దగ్గర పెట్టండి. చీటీ మధ్యలో పాడేసి ఆ డబ్బు పందెంలో పెట్టడం, గొలుసు తాకట్టు పెట్టడం చాలా తరచుగా జరిగేవి. ఇంట్లోవాళ్ళు మాత్రం ఈ రెండిటినీ ఆఖర్న గమనిస్తారు.

6. ఫోన్ సంగతి. బుకీ నంబర్లు, టిప్స్ ఇచ్చే టెలిగ్రామ్ చానళ్ళు బ్లాక్ చేయండి. ప్లే స్టోర్ బయటినుంచి వచ్చే యాప్‌ల ఏపీకే ఫైళ్ళు ఇన్‌స్టాల్ కాకుండా బ్రౌజర్‌కీ వాట్సాప్‌కీ టెలిగ్రామ్‌కీ ఉన్న "తెలియని యాప్‌ల" అనుమతి తీసేయండి. గూగుల్ ఖాతాలోని మై యాడ్ సెంటర్‌లో జూదం ప్రకటనలు తగ్గించమనే మీట ఉంది. బెట్‌బ్లాకర్ అనే ఉచిత యాప్ వేలకొద్దీ జూదం సైట్లని అడ్డుకుంటుంది. రోజుకో కొత్త అడ్రసుతో వచ్చే సైట్లు కొన్ని దాన్ని తప్పించుకుంటాయి. అందుకే డబ్బు దారి మూయడం యాప్ మూయడం కంటే ముఖ్యం.

మొదటి రెండు వారాలు నిద్ర సరిగా పట్టదు, చిన్నదానికి కోపం వస్తుంది, చేతులు ఫోన్ కోసం వెతుకుతాయి. అది తగ్గుతుంది.

ఎవరికి చెప్పాలి? పీజీలో ఉంటున్నాను, ఊళ్ళో అమ్మానాన్నకి చెప్పలేను.

మొదట ఒక్కరికి చెప్పండి చాలు. ఆటలో లేనివారు, మీరు డబ్బు బాకీ పడనివారు, కోపంలో ఊరంతా చెప్పనివారు అయితే మంచిది. చాలామందికి అక్కో, బావో, పెళ్ళయిన స్నేహితుడో ఆ మనిషి అవుతారు. చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి. 9 లక్షల అప్పుంటే 4 లక్షలని చెప్పడం సహజంగా జరుగుతుంది. దాచిన ఆ 5 లక్షలే మళ్ళీ ఆటకి తీసుకెళతాయి, వాటిని ఎవరికీ తెలియకుండా తీర్చే దారి ఇంకోటి కనిపించదు కాబట్టి.

బెంగళూరులో ఎక్కడికి వెళ్ళాలి?

నిమ్హాన్స్‌లో వ్యసనాలకే ప్రత్యేకంగా సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. మద్యం వ్యసనాన్ని చూసే విభాగమే జూదాన్ని కూడా చూస్తుంది. ఫోన్, గేములు వదలలేకపోవడం ప్రధాన సమస్య అయితే అక్కడే 2014లో మొదలైన షట్ క్లినిక్ ఉంది. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ఆసుపత్రి గేటు దాటడానికే జంకేవారికి అది తేలిక. కోరమంగళలోని సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో, ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఈఎస్ఐ కోత పడే ఉద్యోగులు ఈఎస్ఐ డిస్పెన్సరీ ద్వారా వెళ్ళొచ్చు.

నిమ్హాన్స్‌కి వెళ్ళేవారు పొద్దున్నే బయలుదేరండి, రోజంతా పడుతుందనుకుని సెలవు పెట్టుకోండి. గుర్తింపు కార్డు, బీపీఎల్ కార్డుంటే అది, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్ళండి. ఇంట్లోవారు ఒకరు తోడుంటే వైద్యుడికి పూర్తి చిత్రం దొరుకుతుంది. కన్నడం రాదని వెనకాడొద్దు. ఈ ఊళ్ళో తెలుగు అర్థమయ్యే వైద్యులూ నర్సులూ చాలామంది ఉంటారు, తెలుగులో మాట్లాడతానని నమోదు దగ్గరే అడగండి.

ఊళ్ళోనే ఉన్నవారి కోసం అడిగితే, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

చికిత్స అంటే ఏం చేస్తారు? మందులుంటాయా?

ప్రధానంగా మాటలతోనే. వారానికి ఒకటి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు మామూలు. ఏ రోజు, ఏ గంటకి, ఏ పరిస్థితిలో కోరిక లేస్తుందో రాయిస్తారు. "ఈసారి నాదే" లాంటి నమ్మకాలని లెక్కలతో సహా విప్పి చూపిస్తారు. కోరిక లేచినప్పుడు ఆ అరగంట ఏం చేయాలో సాధన చేయిస్తారు.

కొందరికి కోరిక తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్ రాస్తారు. ముందు కాలేయం రక్తపరీక్ష చేస్తారు. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి, రెండూ కలిస్తే ప్రమాదం. తోడుగా కుంగుబాటు, ఆందోళన, మద్యం ఉండటం చాలా మామూలు. వాటికి వేరే మందులు. వాటిని వదిలేసి ఆట ఒక్కదాన్నే మాన్పిద్దామనుకుంటే నిలవదు.

పెద్దాయనకి పార్కిన్సన్ మందులు మొదలయ్యాక పేకాట పిచ్చి పట్టింది. సంబంధం ఉందా?

ఉండొచ్చు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులతో కొందరికి జూదం, కొనుగోళ్ళ మీద ఆపుకోలేని కోరిక వస్తుంది. మానసిక వైద్యంలో వాడే అరిపిప్రజోల్‌తో కూడా అరుదుగా ఇలా జరుగుతుంది. మందు మీరే ఆపేయకండి, రాసిన వైద్యుడికి వెంటనే చెప్పండి. మోతాదు తగ్గించినా మార్చినా చాలామందికి తగ్గుతుంది. ఆయన్ని తిట్టే ముందు మందుల చీటీ చూడండి.

ఆఫీసుకి తెలుస్తుందా?

మీరు చెబితే తప్ప తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు బయటి సంస్థ ద్వారా ఉచిత కౌన్సెలింగ్ ఇస్తాయి. హెచ్ఆర్‌కి పేర్లు వెళ్ళవు.

కొడుకు అప్పు మేం కట్టేయాలా? పొలం అమ్మితే తీరిపోతుంది.

ఒక్కసారిగా, ఏ షరతూ లేకుండా కట్టొద్దు. మా మాటల్లో తల్లిదండ్రులకి అన్నిటికంటే బాధ కలిగించేది ఇదేనని తెలుసు. అయినా గట్టిగా చెబుతున్నాం. అప్పు మొత్తం ఒక్క రోజులో మాయమైతే, ఆడే మనిషికి కలిగేది పశ్చాత్తాపం ఒక్కటే కాదు, మళ్ళీ ఆడే వీలు కూడా. లోన్ యాప్‌లన్నీ మళ్ళీ అప్పిస్తామంటాయి, క్రెడిట్ కార్డు లిమిట్ మొత్తం ఖాళీగా ఉంటుంది. చికిత్స మొదలవకుండా పొలం అమ్మి కట్టిన ఇళ్ళలో కొన్ని నెలలకే రెండో అప్పు బయటపడటం మామూలు. అప్పుడు అమ్మడానికి పొలం ఉండదు.

సాయం చేయండి, కానీ వరసగా. ముందు డబ్బు దారి మూయడం, వైద్యుణ్ని కలవడం, అప్పుల పూర్తి జాబితా. ఆ తరవాతే డబ్బు. అదీ అతని చేతికి కాదు, అప్పిచ్చినవారికి నేరుగా. అసలులో ఎక్కువభాగం అతని జీతంలోంచే నెలనెలా తీరాలి.

మాట్లాడేటప్పుడు కోపం చల్లారాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. "నాయనా, మొత్తం ఎంతో చెప్పు. ఇవాళ తిట్టను. డబ్బు నీ చేతికివ్వను, డాక్టరు దగ్గరికి మాత్రం నీతో వస్తాను." ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. భార్య అయితే, "ఏమండీ, నెలాఖరుకి ఏం జరుగుతుందోనని నాకు భయంగా ఉంది. ఖాతా నేను చూస్తాను, రేపు ఇద్దరం వెళ్దాం" అనొచ్చు. పదిమంది పెద్దలని కూర్చోబెట్టి పంచాయితీ పెడితే అతను అప్పు మొత్తం ఎప్పటికీ చెప్పడు.

ఇంట్లోవాళ్ళు తమ సంతకాలు కూడా కాపాడుకోవాలి. కో-అప్లికెంట్‌గా, హామీదారుగా సంతకం పెట్టకండి. మీ ఫోన్ ఓటీపీలు, ఆధార్, పాన్ జాగ్రత్త. మీ పేరు మీదున్న అప్పులు చూపే క్రెడిట్ రిపోర్టు కూడా తీసి చూడండి.

అప్పుల్లో ముందు ఏది కట్టాలి?

జాబితాతో మొదలుపెట్టండి. సిబిల్ వంటి నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకు, కార్డు, నమోదైన లోన్ యాప్‌ల అప్పులు అందులో కనిపిస్తాయి. చేబదుళ్ళు, వడ్డీ వ్యాపారి, తాకట్టు, చీటీ బాకీలు కనిపించవు, అవి అతనే చెప్పాలి.

అద్దె, తిండి, పిల్లల ఫీజు ముందు పక్కన పెట్టాలి. తరవాత ఎక్కువ వడ్డీది. లక్షకి లెక్క వేస్తే 14 శాతం పర్సనల్ లోన్ వడ్డీ నెలకి సుమారు 1,167. నెలకి 3.5 శాతం పడే క్రెడిట్ కార్డు బాకీకి 3,500. నూటికి పది రూపాయల వడ్డీకి తెచ్చింది అయితే 10,000, అంటే ఏడాదికి 120 శాతం. కార్డులో కనీస మొత్తం కడుతూ పోతే అసలు కదలదు. బ్యాంకుకి ముందే వెళ్ళి ఈఎంఐగా మార్చమని, గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. వాయిదా తప్పాక అడగడం కంటే తప్పకముందు అడిగితే ఎక్కువ వింటారు. బాకీలో కొంత తగ్గించుకుని సెటిల్‌మెంట్ చేసుకుంటే అది రిపోర్టులో మచ్చగా ఉంటుందని తెలిసి చేసుకోండి. పాత అప్పు తీర్చడానికి కొత్త యాప్ లోన్ మాత్రం వద్దు.

లోన్ యాప్‌వాళ్ళు, బుకీ బెదిరిస్తున్నారు.

రెండూ వేర్వేరు సంగతులు.

రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఉన్న సంస్థల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరవాత ఫోన్ చేయకూడదు. బంధువులకి ఫోన్ చేసి పరువు తీయకూడదు. మొదట ఆ సంస్థకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకులో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, వివరాలకి 14448. ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపే యాప్‌లు చాలావరకు నమోదు లేనివే. స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, యాప్‌కి ఇచ్చిన కాంటాక్టులు, గ్యాలరీ అనుమతులు తీసేయండి. కాంటాక్టుల్లో ఉన్నవారికి మీరే ముందుగా "నా పేరుతో తప్పుడు మెసేజీలు రావచ్చు" అని ఒక మాట పంపితే బెదిరింపుకి పదును పోతుంది.

బుకీ బాకీకి కోర్టులో విలువ లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, దాని మీద దావా వేయడం కుదరదు. బెదిరించి వసూలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. ఇంటిమీదకి వస్తే 112. చెల్లని బాకీ కదా అని బుకీతో తగువు పెట్టుకుని ఒంటరిగా కలవడానికి మాత్రం వెళ్ళొద్దు.

సైట్‌లో గెలిచిన డబ్బు విత్‌డ్రా కావడం లేదు. ఇంకో 20 శాతం కడితే వస్తుందంటున్నారు.

రాదు. పన్ను అనో, వెరిఫికేషన్ ఫీజు అనో అడిగేది మోసం. కట్టిన వెంటనే 1930కి చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలుంటుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. "పోయిన డబ్బు తెచ్చిపెడతాం" అంటూ వచ్చేవారు అదే మోసంలో రెండో అంకం.

ఖాతా ఫ్రీజ్ అయిందంటే, మీకు వచ్చిన చెల్లింపు ఎవరో మోసపోయిన మనిషి డబ్బు అయ్యుంటుంది. ఏ పోలీసు స్టేషన్ నుంచి ఆదేశం వచ్చిందో బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. నెలకి ఇంత ఇస్తామంటే ఖాతా, సిమ్ అద్దెకివ్వడం నేరం. పీజీల్లో ఉండే విద్యార్థులకి ఈ ఎర ఎక్కువ.

పిల్లల మీద ఒట్టు వేశాడు. ఇక మానేసినట్టేనా?

ఆ క్షణాన నిజంగానే వేసి ఉంటాడు. కానీ ఒట్టు తప్పిన రోజు పాపభయంతో ఇంకా లోతుగా దాస్తాడు. ఒట్టు కంటే నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటు ఇద్దరూ కలిసి చూడటం మేలు.

పెళ్ళి చేస్తే మారతాడా?

మారడు. ఇంకో అమ్మాయి బంగారం తాకట్టుకెళుతుంది.

బలవంతంగా డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించవచ్చా?

2017 చట్టం ప్రకారం ఇష్టం లేకుండా చేర్చాలంటే తీవ్ర మానసిక అనారోగ్యం, ప్రాణాపాయం వంటి పరిస్థితులు ఉండాలి, అదీ నమోదైన ఆసుపత్రిలో, వైద్యుల నిర్ణయంతో. నెలల తరబడి గదిలో పెట్టి ఫోన్ లాక్కునే చోట్లకి పంపకండి. బయటికొచ్చిన రోజే ఫోన్ చేతికొస్తుంది. జూద వ్యసనానికి ఎక్కువమందికి ఔట్‌పేషెంట్ చికిత్స సరిపోతుంది. అతను రానంటే మీరైనా వెళ్ళి సలహా తీసుకోండి, 14416కి కుటుంబ సభ్యులు కూడా మాట్లాడొచ్చు.

నాలుగు నెలలు మానేసి మళ్ళీ ఆడేశాను. ఇక అంతేనా?

కాదు. మొదట ఎవరికి చెప్పారో వారికే ఆ రోజే మళ్ళీ చెప్పండి, 24 గంటలు దాటనివ్వకండి. ఎంత పోయింది, డబ్బు ఏ దారిన వచ్చింది, ఆ ముందు రెండు గంటల్లో ఏం జరిగిందో రాసుకుని తరవాతి సిట్టింగ్‌కి తీసుకెళ్ళండి. సాధారణంగా మూయకుండా వదిలేసిన దారి ఒకటి దొరుకుతుంది: పాత వాలెట్, మర్చిపోయిన కార్డు, అకస్మాత్తుగా పడిన బోనస్.

సంక్రాంతికి ఊరెళ్తున్నాను. అక్కడ కోడిపందేలు, పేకాట తప్పవు.

ఐపీఎల్ నెలలు, జీతం రోజు, సంక్రాంతి, ఈ మూడూ జారిపోయే కాలాలు. కుదిరితే భోగి సాయంత్రం చేరి కనుమ మర్నాడే తిరుగు ప్రయాణానికి టికెట్ ముందే తీసుకోండి. యూపీఐ ఉన్న ఖాతాలో 2,000కి మించి ఉంచకండి. పండగ ఖర్చు తోడొచ్చిన మనిషి దగ్గర ఉండాలి. బరి చూసొద్దామని బావమరిది పిలిస్తే "నేను మానేశాను బావా, అటు రాను" అని మొదటి పిలుపులోనే చెప్పండి. వంక చెబితే రెండోసారి పిలుస్తారు. ముక్కలు తీసిన గదిలో కూర్చోవద్దు, పైకం లేకుండా ఆడదామన్నా వద్దు. కోరిక లేస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు బస్సెక్కే ముందే అనుకుని, ఆ మూడు రోజులూ ఫోన్ ఎత్తమని వారితో మాట తీసుకోండి.